పేరు చెప్పి లోపలికి రా

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ కథలో మొదటి వారం నాకు తెలీదు. ఆ వారం నేను ఉన్నాను గానీ లేను. అప్పటి సంగతులన్నీ మా ఆవిడా, మా చెల్లెలు లక్ష్మీ చెప్పినవే. లక్ష్మి దేన్నయినా చిలవలు పలవలు చేసి చెబుతుంది కాబట్టి అది చెప్పినదాంట్లో సగం తీసేశాను. మా ఆవిడ చెప్పినదాంట్లో తీయడానికేమీ లేదు. ఆవిడ అసలే పొదుపుగా మాట్లాడే మనిషి.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, భయం ఇంకా పూర్తిగా వదల్లేదు. రాస్తుంటే కాస్త నిమ్మళంగా ఉంటోంది. ఇంకో కారణం కూడా ఉంది. ఇలాంటిది మీ ఇంట్లో జరిగితే, మా ఇంటిల్లిపాదీ చేసిన పొరపాటు మీరు చెయ్యకూడదు.

*ఫిబ్రవరి*

అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక కమీషన్ కొట్టులో నా పని. ఊళ్ళ నుంచి బెల్లం వేసుకొచ్చిన రైతుని పేరు పెట్టి పలకరించి, కూర్చోబెట్టి, టీ తెప్పించి, వేలం అయ్యేదాకా మరో కొట్టు వైపు చూడకుండా మాటల్లో పెట్టడం. ఎవరి కూతురికి సంబంధం కుదిరిందో, ఎవరి గేదె ఈనిందో, ఎవరికి తమ్ముడితో పడట్లేదో నాకు తెలియాలి. "నీ బుర్రేరా మన కొట్టుకి బోర్డు" అనేవాడు మా షావుకారు. నాకూ ఆ గర్వం కొంచెం ఉండేది.

నెలాఖరులో ఒకరోజు పొద్దున్న బెల్లం దిమ్మల మధ్య నిలబడి టీ తాగుతూ తాగుతూ కుప్పకూలిపోయానట. గుండె ఆగిపోయింది. గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు అని నాకు తరవాత తెలిసింది. పక్క కొట్టు గణపతి ఇదివరకు మందుల కంపెనీలో పనిచేసినప్పుడు ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో నేర్పారట. వాడు నా ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కడం మొదలెట్టాడు. వాడు అలిసిపోతే దిమ్మలు మోసే కళాసీలు అందుకున్నారు. అంబులెన్సు వచ్చేదాకా ఎవరూ ఆపలేదు. అంబులెన్సు వాళ్ళు షాకిచ్చాక గుండె మళ్ళీ కొట్టుకుంది. అక్కణ్ణుంచి విశాఖపట్నం తీసుకుపోయారు.

మా ఆవిడ ఆస్పత్రికి చేరేసరికి నన్ను లోపల పెట్టేశారు. చాలాసేపటికి ఒక పెద్ద డాక్టరు బయటికొచ్చాడు.

"గుండె దారికొచ్చిందమ్మా. ఇప్పుడు మా దిగులంతా మెదడు గురించే. కాసేపు దానికి రక్తం అందలేదు. ఇక మీద దెబ్బ తినకుండా కాపాడుకోవాలి. కొన్నాళ్ళు మందిచ్చి నిద్రలోనే ఉంచుతాం. ఒళ్ళు వేడెక్కనివ్వం."

"లేత్తాడా బాబూ?" అంది మా ఆవిడ.

"లేస్తారనే ఆశ. ఎలా లేస్తారన్నది మాత్రం ఇప్పుడే చెప్పలేం."

ఆ మాట పట్టుకుని ఆవిడ హాల్లో గోడవార కూలబడింది. పోయాడంటే ఏడవొచ్చు, బతికాడంటే దణ్ణం పెట్టుకోవచ్చు. ఎలా లేస్తాడో తెలీదంటే ఏం చెయ్యాలి? శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, ఎవరో ఏమిటో అడక్కుండానే తన దుప్పటి సగం పరిచి, "ఇలా రా అమ్మా, నేల సల్లగుంటాది" అందట. ఆ హాల్లో అందరూ అంతే. ఒకరి ఇడ్లీ పొట్లం ఇంకొకరు తినేవారు. లోపలి నుంచి నర్సు వచ్చి ఎవరి పేరు పిలిచినా అందరి గుండెలూ ఒకేసారి జారిపోయేవి.

మర్నాడు లోపలికి పంపారు. మా ఆవిడ మంచం కాళ్ళ వైపు నిలబడి నా పాదం పట్టుకుంది. చల్లగా ఉంది. మామూలు చల్లదనం కాదు, కుండలో నీళ్ళలా ఉందట. కాళ్ళు చల్లబడ్డాయంటే మనవాళ్ళకి ఒకటే అర్థం కదా. ఆవిడ కేక వేసింది.

"పోనాడు! పోనాడు, నాకు సెప్పట్లేదు మీరు!"

ఒక కేరళ నర్సు పరిగెత్తుకొచ్చి ఆవిణ్ణి పట్టుకుంది. వచ్చీరాని తెలుగులో, "అమ్మా, మేమే చల్లగా పెట్టాం. జ్వరం వస్తే మెదడుకి మంచిది కాదు. చూడు, ఇది గుండె, కొట్టుకుంటోంది" అని తెర మీద గీతలు చూపించింది. ఆవిడ చెయ్యి తీసుకెళ్ళి నా ఛాతీ మీద పెట్టింది. చాలాసేపు అలా ఉంచనిచ్చిందట. ఆ అమ్మాయి పేరు మా ఆవిడ అడగలేదు, ఇప్పటికీ దానికి బాధపడుతుంది.

బయట లక్ష్మి శొంఠి పొడి, ఉన్ని దుప్పటి పట్టుకుని సిద్ధంగా ఉంది. అరికాళ్ళకి శొంఠి రాస్తే వేడి పుడుతుందని దాని పట్టుదల. "వాళ్ళు సల్లబరుత్తంటే నువ్వు ఏడి సేత్తానంటావేటే" అని మా ఆవిడ ఆ రెండూ లాక్కుని తన తల కింద పెట్టుకుంది. వదినా మరదళ్ళు ఆ పూటంతా మాట్లాడుకోలేదు. లక్ష్మిది తప్పని నేననను. అన్నయ్య కాళ్ళు చల్లగా ఉన్నాయంటే అది ఇంకేం చేస్తుంది?

*మార్చి*

నాకు మొదట గుర్తున్నది దాహం. తరవాత వెలుతురు. చేతులు కదలవు. గొట్టాలు పీకేసుకుంటానని మెత్తటి గుడ్డతో మంచానికి కట్టారట. నన్నెవరో ఎత్తుకొచ్చి కట్టేశారనుకున్నాను. ఎందుకో, ఏ ఊరో, ఏ నెలో తెలీదు. అరుద్దామంటే గొంతు లేదు. అంత భయం నేను పుట్టి ఎరగను.

మెల్లగా గొట్టం తీశారు, కట్లు విప్పారు, వార్డుకి మార్చారు. ఇక పలకరింపులు మొదలయ్యాయి. మనవాళ్ళ పలకరింపు మీకు తెలిసిందే. బత్తాయిలు బల్ల మీద పెట్టి, మంచం మీదకి వంగి, మొహంలో మొహం పెట్టి ఒకటే ప్రశ్న.

"గుర్తు పట్టేవా? నేనెవర్నో సెప్పు సూద్దాం!"

చూశాను. ఆ మొహం తెలిసిన మొహమే. రోజూ వెళ్ళే వీధిలో ఇల్లులాగా తెలుసు. తలుపు మాత్రం తెరుచుకోవట్లేదు. పేరు లేదు. ఊరు లేదు. మా ఇద్దరికీ ఏమవుతుందో లేదు. నోరు మాత్రం దానంతటది కదిలింది.

"బావా," అన్నాను.

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పట్టీసేడు! నన్ను గుర్తు పట్టీసేడు!" అని వార్డంతా వినపడేలా అరిచాడు.

అలా నాకు కిటుకు దొరికింది. మా వైపు మగాడు ఎదురైతే బావ, కాస్త పెద్దవాడైతే మామ, చిన్నవాడైతే అల్లుడు. ఆడవాళ్ళయితే అత్త, పిన్ని, లేకపోతే అమ్మా. ఇన్నేళ్ళూ మార్కెట్లో వరస కలిపి పలకరించడం నాకు అలవాటే. తలనెరిసిన ఆయన వంగితే మామా అన్నాను, మురిసిపోయాడు. కుర్రాడొకడు వస్తే ఏరా అల్లుడూ అన్నాను, కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఒక్కరంటే ఒక్కరు అనుమానపడలేదు. కారిడార్లో మావాళ్ళు డాక్టర్ని ఆపి మరీ చెప్పారు, "అందర్నీ గుర్తు పడతన్నాడండి. పిలిసి మరీ మాటాడతన్నాడు."

నా కూతురు హారిక వచ్చినప్పుడు మాత్రం పేరు తన్నుకొచ్చింది. హారికా అన్నాను. దేవుడా అని ఊపిరి పీల్చుకున్నాను. దాని పక్కన ఒకావిడ నిలబడి ఉంది. నలిగిన చీర, రేగిన జుట్టు. ఆవిడ నా మనిషని తెలుసు. ఎంత తెలుసంటే, ఆవిడ పక్కకి వెళితే నాకు ఏడుపొచ్చేది. కానీ పేరు? వెతికాను. కళ్ళు మూసుకుని వెతికాను. అక్కడేమీ లేదు.

ఎందుకు దాచావు, అప్పుడే చెప్పెయ్యొచ్చు కదా అంటారు. చెప్పడానికి ధైర్యం ఉండాలి కదండీ. పలకరించడానికి వచ్చినవాళ్ళు వార్డు గుమ్మంలో ఇంకో పేషెంటు గురించి చెప్పుకోవడం నా చెవిన పడింది. "గుండి బాగానే కొట్టుకుంటందట. మనిసే లేడంట." ఆ మాట విన్నాక ఒళ్ళంతా చెమటలు పట్టాయి. నేనూ ఆ లెక్కలోకే వస్తానా? బుర్రే బోర్డు అయినవాణ్ణి, బుర్ర పోయిందని తెలిస్తే నన్నెవరు పెట్టుకుంటారు? ఇంట్లో నన్ను చంటిపిల్లాడిలా చూస్తారా? ఆ చూపు తలుచుకుంటేనే వణుకొచ్చేది.

ఇంటికి పంపే ముందు ఒక కుర్ర డాక్టరు వచ్చి ప్రశ్నలు వేశాడు. ఏ నెల అని అడిగాడు. అప్పుడే లక్ష్మి ఉగాది ముందు అమావాస్యకి జరిగే మా అమ్మవారి జాతర మాట ఎత్తింది కాబట్టి, "కొత్తమావాస్య వత్తంది గదండి" అన్నాను. ఇది ఏ ఊరన్నాడు. కిటికీ అవతల బోర్డు చూసి చెప్పాను. మా ఆవిణ్ణి చూపించి, "ఈవిడెవరు?" అన్నాడు.

"మా ఆవిడ."

"పేరు?"

అందరూ చూస్తున్నారు. నేను సిగ్గుపడినట్టు తల దించి, "అదేటండి బాబూ, పెళ్ళాం పేరు నలుగుర్లో ఎలా సెప్తానండి?" అన్నాను.

మంచం చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లున నవ్వారు. "మావాడు పాత మనిసిలెండి" అన్నాడొక మామ. డాక్టరు కూడా నవ్వేసి వెళ్ళిపోయాడు. గండం గడిచింది. మా ఆవిడ ఒక్కర్తీ నవ్వలేదు. నేను చూశాను గానీ చూడనట్టు గోడ వైపు తిరిగాను.

*కొత్తమావాస్య*

ఇంటికొచ్చిన రోజున అనకాపల్లి అంతా జనం. అమ్మవారి గుడి వైపు దారులన్నీ కిటకిటలాడుతున్నాయి. కారు మెల్లగా సందుల్లోంచి వచ్చి ఇంటి ముందు ఆగింది. అక్కడ వీధి వీధంతా నిలబడి ఉంది. గుమ్మంలో లక్ష్మి ఎర్రనీళ్ళ పళ్ళెంతో సిద్ధం. దిష్టి తీసింది. నేను కాలెత్తబోయాను.

అది గుమ్మానికి అడ్డంగా చెయ్యి చాపింది. కళ్ళల్లో నీళ్ళు, మొహం నిండా నవ్వు.

"ఆగన్నయ్యా! ఇది నీకు రెండో పుట్టుక. అలాగైతే ఇది రెండో పెళ్ళి కూడానూ. అప్పుడు సెప్పినట్టే మా వదిన పేరు సెప్పు, సెప్పి లోపలికి రా!"

పెళ్ళయి ఇంటికొచ్చిన కొత్త జంటని ఆడపడుచులు గుమ్మంలో నిలబెట్టి పేర్లు చెప్పించడం మన అందరి ఇళ్ళల్లో ఉన్నదే. జనం చప్పట్లు కొట్టారు. "సెప్పు బావా, సెప్పు!" అని వెనక నుంచి ఎవరో. హారిక ఫోనెత్తి వీడియో తీస్తోంది.

ఇక్కడ సిగ్గు నటన పనికిరాదు. సిగ్గుపడితేనే ఇంకా పట్టుబడతారు, వేడుకే అది. నేను నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ఎదురుగా నా ఇల్లు, నా చెల్లెలు, నా కూతురు. పక్కన ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి. నవ్వులు ఒకటొకటే తగ్గుతున్నాయి. లక్ష్మి మొహం కూడా మారబోతోంది. అయిపోయింది, ఇక అందరికీ తెలిసిపోతుంది అనుకున్నాను. గుండె ఆగిన రోజు నాకు తెలీలేదు గానీ ఈ రోజు ఆగినట్టు తెలిసింది.

అప్పుడు మా ఆవిడ మందుల సంచీ చంకలో పెట్టుకుని ఒక అడుగు ముందుకేసింది. పెళ్ళినాడు గుమ్మంలో లక్ష్మి చెవిలో తప్ప ఎవరికీ వినపడకుండా చెప్పిన మనిషి, ఈసారి వీధి చివరికి వినపడేలా చెప్పింది.

"నేను సత్యవతిని, మా ఆయన నూకరాజుతో ఇంటికొచ్చేను."

"అన్నయ్యనడిగితే నువ్వు సెప్పీసేవేటొదినా!" అని లక్ష్మి గోల.

"ఆయన గొంతులో గొట్టం తీసి ఎన్నాళ్ళయిందే? ఎండలో నిలబెట్టకు, జరుగు."

నేను అందుకున్నాను. "నేను నూకరాజుని, సత్యవతితో ఇంటికొచ్చేను."

ఈలలు, చప్పట్లు. లోపలికి అడుగుపెట్టాను. సత్యవతి, సత్యవతి అని లోపల అనుకుంటూనే మంచం దాకా నడిచాను. నాకు ఏడుపు ఆగలేదు. అలిసిపోయాడు పాపం అనుకున్నారు అందరూ.

జనం సర్దుకున్నాక ఆవిడ తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది.

"ఆస్పత్రిలోనే తెలిసింది నాకు," అంది. "డాక్టరు బాబు అడిగినప్పుడు నీ నోరు నవ్వింది గానీ కళ్ళు నవ్వనేదు. దొంగ దొరికిపోయినట్టు సూసేవు."

"ఎవరికీ సెప్పకు. నీకు దణ్ణం పెడతాను. నెమ్మదిగా వచ్చెత్తాది."

"సెప్పకపోతే ఆళ్ళకెలా తెలుత్తాది? నీ బుర్ర ఆళ్ళు కాపాడితే నువ్వు దాసీసి పాడు సేసుకుంటావా?"

నేను బతిమాలాను. కొన్నాళ్ళు ఆగమన్నాను. ఆవిడ ఒప్పుకుందో లేదో తెలీదు, లేచి వంటింట్లోకి వెళ్ళింది. సాయంత్రం దీపాల వేళకి ఆ పేరు మళ్ళీ పోయింది. మధ్యాహ్నం గుమ్మంలో ఏదో జరిగిందని గుర్తుంది, పేరు లేదు. చీకట్లో పడుకుని దుప్పటి నోట్లో కుక్కుకున్నాను.

*ఏప్రిల్*

పేర్లు మర్చిపోవడం ఒక్కటే అయితే ఇంకా దాచేవాణ్ణేమో. ఒక సాయంత్రం బీపీ మాత్ర వేసుకున్నాను. వేసుకున్న సంగతి మర్చిపోయి మళ్ళీ వేసుకున్నాను. బాత్రూంలో కళ్ళు తిరిగి పడ్డాను. అదృష్టం బాగుండి తల గోడకి తగల్లేదు. పరిగెత్తుకొచ్చిన మా ఆవిడ నన్ను లేపలేదు, నా పక్కనే తడి నేల మీద చతికిలబడింది.

"ఇంకో పాలి నిన్నలా గొట్టాలతో సూడ్డం నా వల్ల కాదు," అంది. తిట్టలేదు, గొంతు పెంచలేదు. ఆ మాటతో నాకు ఆవిడ భయం మొదటిసారి కనపడింది. అంతవరకూ నా భయమే నాకు లోకమంతా అనుకున్నాను.

మర్నాడు ఆస్పత్రికి వెళ్ళాం. ఎప్పటిలాగే లక్ష్మి, ఇద్దరు బావలు కారెక్కారు. డాక్టరు గది దగ్గర మా ఆవిడ వాళ్ళని బయటే ఆపేసింది. "మీరు లోపలికొత్తే ఆయన బదులు మీరే సెప్పెత్తారు" అంది. బావలు ముఖాలు ముడుచుకున్నారు.

డాక్టరు ఎలా ఉన్నారని అడిగాడు. బావున్నానని నాలుక చివరి దాకా వచ్చింది. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"నాకు ఈవిడ పేరు తెలీదు డాక్టరు గారూ," అన్నాను. "ఎవరి పేర్లూ తెలీవు. బావా మామా అని నెట్టుకొస్తన్నాను. ఇప్పుడే తిన్నది ఇప్పుడే మర్చిపోతన్నాను. నా బుర్ర పోయిందండి."

చెప్పేసి బల్ల మీద తల పెట్టేశాను. ఆయన నవ్వలేదు, కంగారూ పడలేదు.

"పోయినవాడు ఇంత వివరంగా చెప్పలేడు," అన్నాడు. "గుండె ఆగి బతికినవాళ్ళలో ఇలా మరపు ఉండటం మేం చూస్తాం. చాలామందికి నెలలు గడిచేకొద్దీ మెరుగవుతుంది. ఎంత అన్నది నేను మాటివ్వలేను. కానీ మీరు దాస్తే మాత్రం నేనేమీ చెయ్యలేను."

జ్ఞాపకానికి వేరే పరీక్షలు రాశాడు. నేర్పించేవాళ్ళ దగ్గరకి పంపాడు. మందులు మా ఆవిడ చేతి మీదుగానే వేసుకోమన్నాడు. వచ్చినవాళ్ళు ఎవరో చెప్పమని అడక్కూడదనీ, వాళ్ళే ముందు పేరు చెప్పాలనీ అన్నాడు. ఆ మాట విని బయటికొచ్చి, మా ఆవిడ డాక్టరు అన్నదంతా లక్ష్మికి చెప్పాక దాని ముందు నిలబడ్డాను. నాకు లక్ష్మి పేరు ఆ క్షణానికి తెలుసు. అయినా అది ఏడుస్తూ, "నేను లక్ష్మినన్నయ్యా, నీ సెల్లిని" అంది.

ఈ ముక్క కోసమే ఇదంతా రాశాను. మీ మనిషి లేచి కూర్చుని బావా అని పిలిస్తే సంతోషించండి. కానీ దాంతో సరిపెట్టుకోకండి. డాక్టరు అడిగినప్పుడు అతని బదులు మీరు జవాబు చెప్పకండి. అతను నవ్వితే కళ్ళు కూడా నవ్వుతున్నాయో లేదో ఒకసారి చూడండి.

*వానలు పడ్డాక*

పేర్లు ఒకటొకటే వస్తున్నాయి. గణపతి పేరు వచ్చిన రోజు వాడి కొట్టుకి వెళ్ళి ఊరికే కూర్చుని వచ్చాను. మా షావుకారు నన్ను పూర్తిగా మానిపించలేదు, పొద్దున్న కాసేపు రమ్మంటున్నాడు. రైతులొచ్చి తామే పేరూ ఊరూ చెబుతున్నారు. కొందరు జాలిగా చూస్తారు. ఆ చూపుకి నేను అంత భయపడ్డాను గానీ, దానివల్ల చావలేదు.

మా ఆవిడ పేరు మాత్రం నిలవడానికి చాలా రోజులు పట్టింది. హారిక పేరు ఎలా ఉండిపోయింది, ఈ పేరెలా పోయింది అని ఆలోచించాను. డాక్టర్లేమంటారో గానీ నాకు తోచింది ఇది. హారిక పేరు రోజుకి వందసార్లు పిలిచేవాణ్ణి. ఈవిణ్ణి పెళ్ళయిన నాటి నుంచీ ఇదిగో అనే పిలిచాను. ఆవిడా నన్ను అంతే. ఒకే ఇంట్లో ఇద్దరు ఇదిగోలం. ఇక వాడని పేరు బుర్రలో ఎక్కడుంటుంది?

అందుకని ఆ పేరు మనసులో అనుకోవడం పెట్టుకున్నాను. స్నానం చేస్తూ, మార్కెట్ నుంచి నడిచొస్తూ. పైకి అనడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. తప్పు పేరు వస్తే?

నిన్న సాయంత్రం వాన పట్టుకుంది. పెరట్లో దండెం మీద బట్టలు తడుస్తున్నాయి. నేను అరుగు మీద ఉన్నాను. ఆవిడ వంటింట్లో ఉంది. ఆలోచించకుండా పిలిచేశాను.

"సత్యవతీ!"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. జవాబు లేదు.

కాదా? ఆ పేరు కాదా? ఇన్నాళ్ళూ వేరే ఎవరి పేరో వల్లెవేశానా? అరుగు స్తంభం పట్టుకుని మళ్ళీ పిలిచాను.

"సత్యవతీ..."

ఆవిడ చేతులు చెంగుకి తుడుచుకుంటూ బయటికొచ్చింది. నన్ను చూసి, అటూ ఇటూ చూసింది.

"నన్నేనా?" అంది.

"నీ పేరే కదా అది?"

"నాదే," అంది, మెల్లగా అరుగు మీద కూర్చుంటూ. "ఈ ఇంట్లో ఎవరూ పిలవరు గదా. ఎవర్నో అనుకున్నాను."